కరెంటు పోయినా మోగాలి: ఫైర్ అలారానికి బ్యాటరీ బ్యాకప్ పెట్టే పద్ధతి

పోయిన మే నెలలో పాలకొల్లులో ఒక మూడంతస్తుల నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఫైర్ అలారం ప్యానెల్ (అలారాన్ని నడిపే పెట్టె) రాత్రంతా కీచుకీచుమంటోందని, రోగులకు నిద్ర ఉండడం లేదని చెప్పారు. వెళ్లి చూస్తే బజర్ మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ అంటించి ఉంది. వాచ్‌మన్ బాబాయిని అడిగాను. "ఆయ్, పచ్చ లైటు వెలుగుతానే ఉందండి. ఆ పసుపు లైటంటారా, అది ఎప్పుడూ ఉంటాదండి, పర్లేదన్నారండి" అన్నాడు. ఆ పసుపు లైటు పక్కన బ్యాటరీ ఫాల్ట్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. బాబాయికి ఎవరూ చదివి చెప్పలేదు.

తలుపు తీసి నా దగ్గర పనిచేసే కుర్రాడు మల్టీమీటర్ పెట్టాడు. రెండు బ్యాటరీలకూ కలిపి 25.6 వోల్టులు. "బానే ఉన్నాయి కదన్నా" అన్నాడు. నర్సులకు చెప్పి, ప్యానెల్‌కు కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చు ఆపి హూటర్లు, అంటే అలారం హారన్లు, మోగించమన్నాను. అర నిమిషంలో మీటరు 17కి పడిపోయింది. హూటర్ల గొంతు సన్నబడి ఆగిపోయింది. ప్యానెల్ చీకటైపోయింది. పైన రెండంతస్తుల్లో కదలలేని రోగులున్నారు.

పందొమ్మిదేళ్లుగా భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు ఈ పని చేస్తున్నాను. అలారం వాళ్లంతా డిటెక్టర్ల గురించి, కేబుల్ గురించి ఎంతో మాట్లాడతారు. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి రెండు డబ్బాలు తెచ్చి పెట్టేసి వెళ్లిపోతారు. అసలు సంగతి ఏమిటంటే, వైరింగులో మంట పుడితే చాలాసార్లు ముందు ఎంసీబీ పడిపోతుంది. ఫైరింజన్ వస్తే వాళ్లు మొదట అడిగేది మెయిన్ ఆపమనే. అంటే ఈ అలారం పనికి రావలసిన క్షణంలో కరెంటు ఉండదనే అనుకుని పని మొదలుపెట్టాలి. ఆ నర్సింగ్ హోమ్‌లో చేసిన పనినే వరసగా చెబుతాను. 230 వోల్టుల వైపు పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ముందు కొలత

ఎంత బ్యాటరీ కావాలో పాత బ్యాటరీ మీద అంకె చూసి తేల్చకండి. ముందు పెట్టినాయన లెక్క వేశాడో లేదో మనకు తెలియదు. ప్యానెల్ మామూలుగా ఉన్నప్పుడు ఎంత కరెంటు తింటోందో, అలారంలో ఎంత తింటోందో మీటరుతో చూడాలి. నేను ఎప్పుడూ ఒక మంచి బ్యాటరీ జత సంచిలో తీసుకెళ్తాను. దాన్ని ప్యానెల్‌కు కలిపి, మెయిన్స్ అంటే బయటి కరెంటు ఆపి, బ్యాటరీ ప్లస్ వైరు మధ్యలో మల్టీమీటర్‌ను 10 యాంప్స్ సాకెట్‌లో సిరీస్‌గా పెడతాను. కొలత అయ్యాక మీటరు పిన్ను మళ్లీ వోల్టుల సాకెట్‌లోకి మార్చండి. మరిచిపోయి బ్యాటరీ టెర్మినల్స్ మీద పెడితే నేరుగా షార్టే.

అక్కడ 8 జోన్ల కన్వెన్షనల్ ప్యానెల్ (ఏ భాగంలో అలారం వచ్చిందో మాత్రమే చూపేది), 54 స్మోక్ డిటెక్టర్లు, చేత్తో నొక్కి అలారం మోగించే ఎంసీపీలు 6, 7 హూటర్లు. మామూలుగా 140 మిల్లీ యాంప్స్, అన్ని హూటర్లూ మోగుతుంటే 1 యాంప్.

మన దేశంలో ఫైర్ అలారం అమరికకు ఐఎస్ 2189 ప్రమాణం. అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 72 మామూలు హూటర్ల సిస్టమ్‌కు 24 గంటలు నిలబడి ఆ తర్వాత 5 నిమిషాలు మోగమంటుంది. నేను ఏ బిల్డింగ్‌లోనైనా 24 గంటలు, దాని మీద అరగంట మోత కన్నా తక్కువ పెట్టను. ఐదు నిమిషాల్లో మూడో అంతస్తు నుంచి రోగిని స్ట్రెచర్ మీద మెట్లు దింపడం నేను ఎక్కడా చూడలేదు.

లెక్క ఇలా. 0.14 యాంప్స్‌ని 24 గంటలతో గుణిస్తే 3.36 యాంపియర్ అవర్లు. అలారం 1 యాంప్ అరగంటకు 0.5. మొత్తం 3.86. బ్యాటరీ వయసు పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి 1.25తో గుణించాలి. 4.83 వచ్చింది. బజారులో దొరికే 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీలు (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ రకం) రెండు సరిపోతాయి. రెండూ వరసగా కలిపితే వోల్టులే 24 అవుతాయి, యాంపియర్ అవర్లు 7గానే ఉంటాయి. డాక్టరు గారికి ఇదే చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాను. "ఇది ఆసుపత్రండి, పైగా తుపానుల నేల. 48 గంటలకు పెట్టుకుందాం."

1996 నవంబరు 6 తుపాను నాటికి నేను బడిలో ఉన్నాను. కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడి, మా ఇంట్లో రోజుల తరబడి కిరసనాయిలు దీపమే. ఆ రోజులు చూసినవాడిగా 24 గంటలతో నాకు ధైర్యం రాదు. 48 గంటలకు లెక్క వేస్తే 6.72, దానికి 0.5 కలిపి 7.22, 1.25తో గుణిస్తే 9.03. ఇక 7 చాలదు, 12 యాంపియర్ అవర్‌కి వెళ్లాలి. అయితే ప్యానెల్ ఛార్జరు ఎంత పెద్ద బ్యాటరీని నింపగలదో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటి పెద్ద బ్యాటరీ పెడితే ఎప్పటికీ నిండదు. మా ప్యానెల్ పుస్తకం 12 వరకు ఒప్పుకుంది కాబట్టి పెట్టాం. ఒప్పుకోకపోతే సొంత ఛార్జరున్న 24 వోల్టుల పవర్ సప్లై యూనిట్ వేరే పెట్టి, దాని ఫాల్ట్ రిలేను ప్యానెల్‌కు కలపాలి. రిలే కలపకపోతే ఆ యూనిట్ చచ్చిపోయినా ప్యానెల్‌కు తెలియదు.

ఏ లైను మీద ఉంది?

పాత బ్యాటరీలు అంత త్వరగా ఎందుకు పోయాయో వెతికితే, జవాబు డీబీలో, అంటే కరెంటు లైన్లు పంచే పెట్టెలో దొరికింది. జనరేటరు సప్లై లిఫ్టుకు, ఆపరేషన్ థియేటరుకు, ఐసీయూకు మాత్రమే వెళ్తోంది. ఫైర్ ప్యానెల్ వార్డు ఫ్యాన్ల లైను మీద ఉంది. ఎండాకాలంలో కరెంటు పోయిన ప్రతిసారీ, జనరేటరు పక్కనే గుడగుడలాడుతున్నా, ప్యానెల్ మాత్రం బ్యాటరీ మీద బతికింది. రోజూ కొంత ఖాళీ అవడం, పూర్తిగా నిండకముందే మళ్లీ ఖాళీ అవడం. ఎప్పుడూ నిండుగా ఉండి ఎప్పుడో ఒకసారి పనిచేయడానికి పెట్టే బ్యాటరీలివి. రోజూ వాడితే నిలవవు.

జనరేటరు నడిచే ఎమర్జెన్సీ డీబీ నుంచి ప్యానెల్‌కు సొంత లైను లాగాం. 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ వైరు (త్వరగా మంట అంటుకోని, పొగ తక్కువ వచ్చే రకం), ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ, విడి పైపులో. దానికి 6 యాంప్స్ ఎంసీబీ. ఈ లైను మీద ఇంకేదీ ఉండకూడదు, ఒక్క లైటు కూడా. అన్నిటికీ కలిపి ఉన్న ఆర్‌సీసీబీ కింద కూడా పెట్టకండి. క్యాంటీన్ ఫ్రిజ్‌లో లీకేజీ వస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది, దానితో అలారం సప్లై కూడా పోతుంది. ప్యానెల్‌కు ప్లగ్గు, సాకెట్ అసలే వద్దు. భీమవరంలో ఒక లాడ్జిలో ప్యానెల్ ప్లగ్గు తీసి ఎవరో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు. మళ్లీ పెట్టలేదు. సంక్రాంతికి ఊళ్లో గది ఖాళీ లేనప్పుడు ఆ లాడ్జి అలారం రెండు రోజులు బ్యాటరీ మీద నడిచి మూడో రోజు ఆగిపోయింది. వైరును నేరుగా ప్యానెల్ లోపలి ఫ్యూజున్న టెర్మినల్‌కు బిగించాలి. ఎంసీబీ పక్కన ఎర్ర పెయింటుతో తెలుగులో రాయించండి: ఫైర్ అలారం, ఆపవద్దు.

ఇన్వర్టరు ఉంది కదా, దాని మీద పెట్టేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇన్వర్టరు మీద ఎవరు ఎప్పుడు కూలర్ తగిలిస్తారో చెప్పలేం. ఓవర్‌లోడ్ అయితే అది ఆగిపోతుంది. జనరేటరు కూడా స్టార్టయ్యి లోడు తీసుకునే వరకు కొన్ని సెకన్లు ఖాళీయే. ఇవి ప్యానెల్‌కు సాయంగా ఉండొచ్చు కానీ ప్యానెల్ సొంత బ్యాటరీకి బదులు కావు.

ఎక్కడ పెట్టాలి

మన డెల్టాలో ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. నర్సింగ్ హోమ్ ప్యానెల్ మెట్ల కింద ఉంది. దాని కాళ్ల దగ్గరే ఇన్వర్టరు, నీళ్లు పోసే రెండు ట్యూబులర్ బ్యాటరీలు. మధ్యాహ్నం రెండింటికి ఆ గూట్లో థర్మామీటరు పెడితే 42 డిగ్రీలు. ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీలకు రాసే ఆయుష్షు 20, 25 డిగ్రీల దగ్గర లెక్క. దాని మీద ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ పనిలో అందరికీ తెలిసిన లెక్క. పైగా ట్యూబులర్ బ్యాటరీల నుంచి లేచే ఆసిడ్ ఆవిరికి ప్యానెల్ లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టింది. రెండిటినీ ఒకే గూట్లో ఉంచకండి.

ప్యానెల్‌ను రిసెప్షన్ వెనక గోడకు మార్చాం. రాత్రింబవళ్లు అక్కడ మనిషి ఉంటాడు, ఎండ పడదు, గాలి ఆడుతుంది. 12 యాంపియర్ అవర్ బ్యాటరీలు ప్యానెల్ అడుగున ఖాళీలో పట్టలేదు. వాటికి పక్కనే ఇనుప పెట్టె కట్టించాం, పైనా కిందా గాలి కన్నాలతో. ఎక్కువ ఛార్జింగ్ అయితే ఈ బ్యాటరీల నుంచి కూడా హైడ్రోజన్ బయటికి వస్తుంది, అందుకే గాలి చొరని పెట్టెలో బిగించకూడదు. కన్నాలకు సన్నటి జాలీ వేయించండి. బల్లి దూరి టెర్మినల్స్ మీద పడి మాడిపోవడం, చీమలు ప్యానెల్ లోపలి సర్క్యూట్ కార్డు మీద గూడు పెట్టడం ఎన్ని చోట్ల చూశానో. వైర్లు దూర్చే గ్లాండ్ కన్నాల్లో వాడనివి మూసేయాలి.

ఎత్తు కూడా ముఖ్యం. 2022 జులైలో గోదావరి వరద లంక ఊళ్లలోకి ఎలా వచ్చిందో అందరికీ గుర్తే. గట్టు లోపల, కాలవ పక్కన ఉన్న బిల్డింగ్ అయితే పాత వరద గుర్తు ఎక్కడ ఉందో ఇంటి పెద్దవాళ్లను అడగండి. బ్యాటరీ పెట్టె దానికి పైనే ఉండాలి. కింద అంతస్తులో ఆ ఎత్తు కుదరకపోతే మొదటి అంతస్తుకు ఎక్కించండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) త్వరగా తినేసుకుపోతాయి. అక్కడ తగరం పూత ఉన్న లగ్గులే వాడి, బిగించాక పల్చగా వాజెలిన్ రాస్తాను.

బ్యాటరీ కొనడం, కలపడం

రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే నెల తయారీ అయి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే పాతది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది. కొట్లోనే మీటరు పెట్టి చూడండి, ఒక్కోటి 12.8 వోల్టులు అటూ ఇటూ ఉండాలి. 12.5 కన్నా తక్కువ ఉంటే షెల్ఫ్‌లో నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా పడి ఉందని అర్థం. వద్దనండి, ధర తగ్గిస్తామన్నా వద్దనండి.

కలిపే ముందు ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. 12 వోల్టులే కదా అనిపిస్తుంది కానీ టెర్మినల్స్ మధ్య ఉంగరం పడితే వంద యాంప్స్ పైన పారుతుంది, వేలు కాలిపోతుంది. మొదటి బ్యాటరీ మైనస్ నుంచి రెండోదాని ప్లస్‌కు లింకు వైరు. మిగిలిన ప్లస్‌కు ప్యానెల్ ఎర్ర వైరు, మిగిలిన మైనస్‌కు నల్ల వైరు. ప్యానెల్‌కు కలిపే ముందు చివరల్లో మీటరు పెట్టండి, 25 వోల్టుల పైన రావాలి, ప్లస్ ప్లస్ వైపే ఉండాలి. తిరగబడితే ఫ్యూజు పోవడం అదృష్టం, కార్డు పోతే వేలల్లో ఖర్చు. బ్యాటరీలు ప్యానెల్ బయట పెట్టెలో ఉంటే ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టండి. దారిలో వైరు నలిగితే కాపాడేది అదే. లగ్గులు క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఆరు నెలలకు వదులవుతుంది. వైరును ఒకసారి గట్టిగా లాగి చూడండి.

నేను చూసిన ప్యానెల్స్‌లో ఎక్కువ వాటికి ముందు మెయిన్స్, తర్వాత బ్యాటరీ. మీ ప్యానెల్ పుస్తకంలో వేరే వరస ఉంటే దాన్నే పాటించండి. ఒక రోజంతా ఛార్జింగ్ అయ్యాక బ్యాటరీ చివరల్లో 27 నుంచి 27.6 వోల్టుల మధ్య ఉండాలి. మన వేడికి ఆ పై అంకె కన్నా కింద అంకెకు దగ్గరగా ఉంటే బ్యాటరీకి మంచిది. 28 దాటుతుంటే ఛార్జరు బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే ముందు ఛార్జరునే చూడండి, కొత్త బ్యాటరీ పెట్టినా అదే గతి పడుతుంది.

పై అంతస్తు హూటర్ కూడా ఒకసారి లెక్క చూసుకోవాలి. 1.5 స్క్వేర్ రాగి వైరుకు కిలోమీటరుకు 12.1 ఓమ్స్. మా హూటర్ లైను 80 మీటర్లు, పోను రాను 160 మీటర్లు, అంటే 1.94 ఓమ్స్. 7 హూటర్లూ కలిపి 0.84 యాంప్స్ తీసుకుంటే దారిలో 1.6 వోల్టులు పోతాయి. బ్యాటరీలు దాదాపు అయిపోయి 21 వోల్టుల దగ్గర ఉన్నా చివరి హూటర్‌కు 19.4 అందుతుంది. ఆ హూటర్ 18 వరకు మోగుతుంది కాబట్టి సరిపోయింది. రైసుమిల్లు, రొయ్యల ప్లాంటు లాంటి పొడవాటి చోట్ల సరిపోదు, అప్పుడు 2.5 స్క్వేర్ వైరుకు వెళ్లాలి.

అసలు పరీక్ష

ఇక్కడ తొందర పడేవాళ్లతో నేను పని చేయను. ముందు చిన్న పరీక్షలు రెండు. మెయిన్స్ ఉండగా బ్యాటరీ ప్లస్ వైరు తీస్తే బ్యాటరీ ఫాల్ట్ లైటు రావాలి. కొన్ని ప్యానెల్స్ కొన్ని నిమిషాలకు ఒకసారి మాత్రమే చూసుకుంటాయి, ఓపిక పట్టండి. తర్వాత మెయిన్స్ ఆపితే మెయిన్స్ ఫెయిల్ చూపించి బజర్ మోగాలి. జనరేటరు ఎక్కి దిగేటప్పుడు ప్యానెల్ ఒక్కసారి కూడా ఆరి వెలగకూడదు.

పెద్ద పరీక్షకు డాక్టరు గారిని, నర్సులను, పక్క బిల్డింగ్ వాళ్లను కూడా ముందే అడిగి పెట్టుకున్నాం. శుక్రవారం పొద్దున పదింటికి ప్యానెల్ ఎంసీబీ ఆపాం. ఆ రోజంతా, ఆ రాత్రంతా ఒక మనిషి మెట్లెక్కి దిగుతూ కాపలా ఉన్నాడు. శనివారం పదింటికి 24.9 వోల్టులు. అప్పుడు మొదటి అంతస్తు ఎంసీపీ నొక్కి అరగంట హూటర్లు మోగించాం. బాబాయి ప్రతి అంతస్తూ తిరిగి గది తలుపులు వేసి విన్నాడు, అన్ని గదుల్లోకీ వినబడుతోందన్నాడు. అరగంట చివర ఒక బ్యాటరీ 12.17, ఇంకోటి 12.15. విడివిడిగా కొలవడం మరిచిపోవద్దు. మొత్తం బాగున్నా ఒకటి కుంగిపోయి ఉంటే అక్కడే తెలుస్తుంది. పరీక్షలో ఒక్కటైనా 10.5 కిందికి వెళ్తే ఆ జత పనికిరాదు. 48 గంటలూ ఎందుకు ఆపలేదంటారేమో. సగం దూరంలో ఇంత మిగిలి ఉంది కాబట్టి, ఆసుపత్రిని ఇంకో రోజు అలా ఉంచడానికి నా మనసు ఒప్పలేదు.

పరీక్ష అయిన వెంటనే ఎంసీబీ వేసి, బ్యాటరీలు మళ్లీ నిండే వరకు కనిపెట్టుకుని ఉండండి. ఖాళీ బ్యాటరీలతో వదిలేసి ఇంటికి పోకూడదు.

ఆ తర్వాత నెలకోసారి పది నిమిషాలు మెయిన్స్ ఆపి హూటర్లు మోగిస్తే చాలు. ఏడాదికోసారి అరగంట పరీక్షకు అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యే ఏప్రిల్ 14ను నేను వాడుకుంటాను, ఎండలు ముదరకముందే బ్యాటరీ సంగతి తెలిసిపోతుంది. లాడ్జీల వాళ్లకు అదనంగా డిసెంబరులో ఒకటి, సంక్రాంతి జనం దిగకముందు. పరీక్షలో బాగున్నా సరే, మన వేడిలో మూడేళ్లకు జత మార్చేయమంటాను. పెట్టిన తేదీని బ్యాటరీ ముఖం మీద మార్కరుతో రాయండి. పాతవి కొట్టుకే తిరిగి ఇవ్వాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా వీటిని చెత్తలో వేయకూడదంటున్నాయి. లోపలున్నది సీసం, ఆసిడ్. ఆ కాలవ నీళ్లే మన చెరువులకూ చేలకూ పారేది.

నర్సింగ్ హోమ్‌లో ప్యానెల్ పక్కన ఒక కాగితం లామినేట్ చేసి అతికించాం. పచ్చ లైటు అంటే కరెంటు ఉంది అని మాత్రమే అర్థం. పసుపు లైటు వెలిగితే పగలైనా రాత్రయినా కింది నంబరుకు ఫోన్ చేయాలి. బజర్ మూయకూడదు. బాబాయి దాన్ని రెండుసార్లు పైకి చదివి, ప్లాస్టర్ ముక్కను తనే గోకి తీసేశాడు.